జామ్ సీసా

వాన పడని ఆదివారం, మా వేల్స్ తీరంలో అది అరుదే,
గెథిన్ అద్దాల బీరువా తలుపు తీస్తాడు.
ముందు నన్ను కిటికీలు మూయమంటాడు.
పిల్లిని బయటికి పంపమంటాడు.
ఉన్ని స్వెట్టర్ విప్పి రమ్మంటాడు, నూగు రాలుతుందట.
ఆసుపత్రిలో కూడా ఇంత మడి చూడలేదు నేను.

లోపల నూట నలభై మంది.
ఒక్కొక్కరు నా బొటనవేలి పై కణుపంత ఎత్తు.
ఈటెలవాళ్లు, డప్పులవాళ్లు, గడ్డం కాల్చుకున్న వంటవాడు,
ఒంటికన్ను సేనాని.
ఆ రెండో కన్ను యుద్ధంలో పోలేదు,
గెథిన్ చెయ్యి వణికి పోయింది.

వాక్యూమ్ గొట్టం మూతికి నైలాన్ మేజోడు తొడుగుతాడు.
నాదే. దాని జత ఏమైందని అడగడం
ఎప్పుడో మానేశాను.
ఏ ఈటె మొనో విరిగి గాలికి లేస్తే
ఆ వలలో చిక్కుతుంది.
దాన్ని పట్టకారుతో తీసి,
నాలుక మీద తడిపిన దూదిపుల్లతో తుడిచి
మళ్లీ అతికిస్తాడు.
నీళ్ల కంటే ఉమ్ము మేలట.
నా పెళ్లినాటి పింగాణీకి ఎన్నడూ ఆ భాగ్యం పట్టలేదు.

కుంచె కూడా నాదే, బుగ్గలకు అద్దుకునేది.
తల, భుజం, కవచం మడత,
పైనుంచి కిందికి, ఊపిరి బిగబట్టి.
ముప్పై నాలుగేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి
కరిగిన ఇనుమును బానలకు బానలు గాలిలో మోసినవాడు
చీమంత కత్తి ముందు
వీపు వంచి కూర్చుంటాడు.

ఇక దుమ్ము సంగతి నన్నడగండి.
పెళ్లయి ఈ వీధికొచ్చిన నాడే అత్త చెప్పింది:
"గాలి సముద్రం వైపు నుంచి కొడితే దుప్పట్లు ఆరెయ్యి నెరిస్,
కొలిమి వైపు నుంచి కొడితే పరిగెత్తు."
ఎర్ర దుమ్ము.
కిటికీ గట్టు మీద, పాల సీసా మూత మీద,
పసిపిల్ల చెవి వెనక,
ఈస్టర్‌కి కుట్టించిన తెల్ల గౌను అంచున.
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి
వేలితో పేరు రాసుకోవచ్చు.
మా మెలెరి అక్షరాలు దిద్దింది ఆ గట్టు మీదే.

పోయిన ఆకురాలు కాలంలో కొలిమి ఆరిపోయింది.
ఆర్పేశారు, అనాలి.
ఆ రాత్రి వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూశాం.
ఆకాశం అందరి ఆకాశంలాగే నల్లగా ఉంది.
ఒక్కరికీ నచ్చలేదు.

ఆ మర్నాటి వారం గట్టు తుడిచాను.
గుడ్డ తెల్లగానే ఉంది.
ఇంకో వారం ఆగి తుడిచాను.
తీసుకెళ్లి గెథిన్‌కి చూపించాను,
నీ సైన్యానికి ఇక గండం గడిచిందన్నాను.
మాట్లాడలేదు.
సొరుగు లాగి, ఒక పాత జామ్ సీసా
బల్ల మీద పెట్టాడు.
సగానికి తక్కువగా,
ఎర్రగా.

అప్పుడు బీరువా దగ్గరకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని,
ఇన్నేళ్లలో మొదటిసారి వాళ్ల కాళ్లు చూశాను.
నూట నలభై జతల బూట్లకు,
గుర్రాల గిట్టలకు, ఫిరంగి బండి చక్రాలకు
మా కిటికీ గట్టు.
జిగురు చుక్కతో అద్ది, పైన వార్నిష్ పూసి,
ఆ తర్వాతే అద్దం వెనక నిలబెట్టి,
తలుపు సందులకు నురుగు పట్టీ అంటించి,
దుమ్ము పడకుండా కాపలా కాశాడు
ఈ మనిషి.

చాలాసేపు నవ్వాను.
తనూ నవ్వాడు, సీసా మూత
గట్టిగా బిగించాక.

నిన్న కొత్త బొమ్మ మొదలుపెట్టాడు.
ఆయుధం లేదు. నడుముకి ఏప్రాన్, చేతిలో గుడ్డ.
ఎవరని నేనడగలేదు.
ముక్కు మాత్రం నాది కాదు, మరీ పెద్దది.
చెప్పుల దాకా వచ్చి కుంచె ఆపాడు.
సీసా వంక చూసి, నా వంక చూసి,
"ఎంత వెయ్యను?" అన్నాడు.

చిటికెడు చాలన్నాను.
వంటింటి దాకా వెళ్లి, వెనక్కొచ్చి,
ఏప్రాన్ అంచుకి కూడా కాస్త వెయ్యమన్నాను.